గ్లాసు చేసే పని

నయాగరా అంటే మనకు జలపాతమే. కెనడాకు చుట్టపుచూపుగా వెళ్లిన అమ్మానాన్నలకు పిల్లలు మొదట చూపించేదీ అదే. ఆ జలపాతానికి ఉత్తరాన, నది ఒడ్డు వెంట ఒంటారియో సరస్సు దాకా పరుచుకున్న ద్రాక్షతోటల వైపు మనవాళ్లు అంతగా వెళ్లరు. అక్కడే 1975లో కార్ల్ కైజర్, డొనాల్డ్ జిరాల్డో అనే ఇద్దరు ఇన్నిస్కిల్లిన్ అనే వైనరీకి లైసెన్సు సంపాదించారు. 1929 తర్వాత ఒంటారియోలో కొత్త వైనరీకి లైసెన్సు దొరకడం అదే మొదటిసారి. పదహారేళ్లు తిరిగేసరికి, 1991లో బోర్డో నగరంలో జరిగిన వినెక్స్‌పో ప్రదర్శనలో వాళ్ల 1989 నాటి ఐస్‌వైన్ పెద్ద బహుమతి కొట్టేసింది. కాయలను తీగ మీదే గడ్డకట్టనిచ్చి, చలి మైనస్ 8 డిగ్రీలకో అంతకన్నా కిందికో దిగినప్పుడు కోసి పిండే తియ్యటి వైన్ అది. తెల్ల ద్రాక్షతోనే కాక కాబర్నే ఫ్రాంక్ అనే నల్ల ద్రాక్షతోనూ నయాగరాలో దీన్ని చేస్తారు. పేరు వచ్చాక ఆ వైనరీ వాళ్లు ఆస్ట్రియాకు చెందిన రీడెల్ అనే గాజు కంపెనీతో కలిసి ఐస్‌వైన్ కోసమే ఒక గ్లాసు రూపొందింపజేశారు. వైన్‌కు ప్రత్యేకంగా గ్లాసు ఎందుకు? ఇది మర్యాదకు సంబంధించిన విషయమా, రుచికి సంబంధించిన విషయమా, లేక అమ్మకానికి సంబంధించిన విషయమా?

ఒక్కో ద్రాక్షకు ఒక్కో గ్లాసు అన్న ఆలోచనను ప్రపంచమంతా వ్యాపింపజేసింది ఆ రీడెల్ కుటుంబమే. క్లాస్ రీడెల్ 1973లో సొమెలియే అనే వరుస గ్లాసులను బజారులోకి తెచ్చాడు. కాబర్నే సోవిన్యోన్, మెర్లో లాంటి వాటికి పొడుగాటి బోర్డో గ్లాసు, పినో నువార్‌కు బుడ్డలాంటి పొట్ట ఉన్న బర్గండీ గ్లాసు, సిరాకు మరొకటి. ఇవాళ టొరంటోలోనో వాంకూవర్‌లోనో వంటసామాను అమ్మే దుకాణానికి వెళ్తే ఈ గ్లాసుల గోడ ఒకటి కనిపిస్తుంది. కొనేవాడికి మొదట అర్థమయ్యేది, తన ఇంట్లో ఉన్నవి చాలవని. ఈ అధ్యాయంలో నా వాదన సూటిగా చెబుతాను. రెడ్ వైన్ రుచిలో గ్లాసు పాత్ర నిజమే. అయితే అది పనిచేసేది ముక్కు దగ్గర, నాలుక దగ్గర కాదు. ముక్కుకు కావలసినవి వైన్ పైన కొంత ఖాళీ, ఆ ఖాళీలోని వాసనను చెదరనివ్వని కాస్త ముడుచుకున్న మూతి. ఇవి ఉన్న గ్లాసు ఒకటి ఉంటే అన్ని రెడ్ వైన్‌లకూ సరిపోతుంది. ద్రాక్షజాతికో గ్లాసు అన్నదానికి నిలబడే ఆధారం లేదు.

ముక్కుతోనే మొదలుపెట్టాలి. నాలుకకు తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి అనే ఐదే. రెడ్ వైన్‌లో వీటికి తోడు వగరు ఉంటుంది. వగరు అసలు రుచి కూడా కాదు, స్పర్శ. ద్రాక్ష తొక్కలో, గింజలో ఉండే టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని ముద్ద చేస్తాయి. నోట్లో జిగురు తగ్గి నాలుక, చిగుళ్లు గరుకుగా తోస్తాయి. పచ్చి వెలక్కాయ కొరికినప్పుడు జరిగేదీ ఇదే. ఇక వైన్ తాగేవాళ్లు చెప్పే చెర్రీ, మిరియం, పొగాకు, వర్షం పడ్డ మట్టి, ఇవన్నీ వాసనలే. కొన్ని గ్లాసు నుంచి నేరుగా ముక్కులోకి వెళ్తాయి. కొన్ని మింగేటప్పుడు గొంతు వెనక నుంచి ముక్కు పైభాగానికి చేరతాయి. జలుబు చేసిన రోజున మిరియాల చారు వట్టి వేడినీళ్లలా ఉండటానికి కారణం, ఈ రెండో దారి మూసుకుపోవడమే. చారు సంగతి ఊరికే ఎత్తలేదు. సిరా వైన్‌లో మిరియాల వాసన ఉంటుందని తాగేవాళ్లు ఎప్పటినుంచో అంటున్నారు. 2008లో ఆస్ట్రేలియా వైన్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఆ వాసనకు మూలమైన అణువును పట్టుకున్నారు. దాని పేరు రోటండోన్. మన మిరియంలో ఉన్నదీ అచ్చంగా అదే. లీటరు రెడ్ వైన్‌లో 16 నానోగ్రాములు, అంటే గ్రాములో వందకోట్లవంతులు ఓ పదహారు ఉంటే చాలు, మనిషి పసిగడతాడు. తమాషా ఏమిటంటే, ఆ పరిశోధనలో పాల్గొన్నవాళ్లలో సుమారు ఐదింట ఒకరికి ఆ వాసన నీళ్లలో ఎంత కలిపినా తెలియనే లేదు. ఎంత ఖరీదైన సిరా గ్లాసు ఇచ్చినా ఆ ఐదోవాడికి మిరియం దొరకదు.

గ్లాసు అమ్మేవాళ్లు మొన్నమొన్నటి దాకా ముక్కు కన్నా నాలుక గురించే ఎక్కువ చెప్పేవారు. గ్లాసు అంచు వంపును బట్టి వైన్ నాలుక మీద ఫలానా చోట పడుతుందట. తీపి తెలిసే కొన మీద పడితే ఒకలా, పులుపు తెలిసే పక్కల పడితే మరోలా ఉంటుందట. మనం కూడా బడిలో నాలుక బొమ్మ గీసి, కొన తీపి, వెనక చేదు అని రంగులు వేసినవాళ్లమే. ఆ బొమ్మ కథ విచిత్రమైనది. 1901లో హేనిగ్ అనే జర్మన్ పరిశోధకుడు నాలుక మీద వేర్వేరు చోట్ల సున్నితత్వంలో స్వల్ప తేడాలు ఉన్నాయని రాశాడు. 1942లో హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్విన్ బోరింగ్ తన పుస్తకంలో ఆ లెక్కలను గ్రాఫుగా వేసిన తీరు వల్ల, సున్నితత్వం తక్కువగా ఉన్నచోట అసలు రుచే తెలియదన్న అర్థం వచ్చింది. పాఠ్యపుస్తకాలు దాన్నే పట్టుకున్నాయి. 1974లో వర్జీనియా కాలింగ్స్ మళ్లీ కొలిచి చూస్తే, తేడాలు ఉన్నా అవి చాలా చిన్నవనీ, రుచిమొగ్గలు ఉన్న ప్రతి చోటా అన్ని రుచులూ తెలుస్తాయనీ తేలింది. పైగా నోట్లోకి వెళ్లిన గుటక ఒకచోట కూర్చోదు. క్షణంలో నోరంతా పారుతుంది. అంచు వంపు నిర్ణయించేది మొదటి క్షణం ఎక్కడ తగులుతుందన్నది మాత్రమే. ఈ వాదనను నేను ఇక పక్కన పెట్టేస్తున్నాను. దీన్ని నమ్మి గ్లాసు కొన్నవాళ్లకు గ్లాసు మిగిలింది, సిద్ధాంతం మిగల్లేదు.

ముక్కు దగ్గర జరిగేది మాత్రం లెక్క వేసి చూడగలిగినదే. గ్లాసులో పోసిన వైన్ నుంచి ఆల్కహాలూ సువాసన అణువులూ పైకి లేచి, వైన్ ఉపరితలానికీ గ్లాసు మూతికీ మధ్యనున్న ఖాళీలో చేరతాయి. గాలి కదలకపోతే ఆ ఖాళీలో వాసన ఎంత చిక్కగా ఉండాలన్నది రెండే నిర్ణయిస్తాయి: వైన్‌లో ఆ అణువులు ఎన్ని ఉన్నాయి, వైన్ ఎంత వెచ్చగా ఉంది. విలియం హెన్రీ 1803లో చెప్పిన సూత్రం సారం ఇదే. గ్లాసు ఆకారానికి ఇందులో చోటు లేదు. అంటే ఏ గ్లాసూ వైన్‌కు కొత్త వాసన చేర్చలేదు. గ్లాసు చేయగలిగింది నిల్వ చేయడం. ఇక్కడే ఒక చిన్న అంకె పనికొస్తుంది. మనిషి మామూలుగా ఒకసారి వాసన పీల్చినప్పుడు లోపలికి లాగే గాలి సుమారు 200 మిల్లీలీటర్లు. ఇప్పుడు మనింటి స్టీలు గ్లాసు తీసుకోండి. 200 మిల్లీలీటర్లు పట్టే గ్లాసులో 150 పోశారనుకుందాం. పైన మిగిలిన ఖాళీ 50. ఒక్క పీల్పులో దానిలోని వాసన మొత్తం అయిపోగా, మిగతా ముప్పావు వంతు వంటింటి గాలి, బహుశా పోపు వాసనతో సహా. అదే 150ని 450 మిల్లీలీటర్ల గ్లాసులో పోస్తే పైన 300 ఖాళీ. పీల్పు మొత్తం అందులోంచే రావచ్చు, ఇంకా మిగలవచ్చు కూడా. పెద్ద గ్లాసులో వైన్ మెరుగ్గా ఉందని తాగేవాళ్లు అనడంలో ఉన్న నిజం ఈ లెక్కే. కాబర్నేకీ సిరాకీ, పినోకీ మెర్లోకీ ఈ లెక్క ఒకటే.

ఖాళీ ఒక్కటే చాలదు, దానికి మూతి కాస్త ముడుచుకుని ఉండాలి. మూతి వెడల్పుగా ఉన్న గిన్నెలో ఖాళీ ఎంత ఉన్నా గదిలో గాలి కదిలినప్పుడల్లా వాసన కొట్టుకుపోతుంది. పొట్ట వెడల్పు, మూతి ఇరుకు అయితే రెండు లాభాలు. వైన్ ఉపరితలం విశాలంగా ఉండి, పీల్చుకున్న వాసన స్థానంలో కొత్తది త్వరగా లేస్తుంది. లేచినది ముక్కు వచ్చేదాకా నిలుస్తుంది. గ్లాసును తిప్పినప్పుడు వైన్ గోడల మీదికి పాకి ఉపరితలం ఇంకా పెరుగుతుంది, మూతి ఇరుకు కాబట్టి చొక్కా మీద పడదు. వృత్తిగా వైన్ రుచి చూసేవాళ్ల కోసం అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1977లో ఒక గ్లాసును ఖరారు చేసింది. దాని సంఖ్య ఐఎస్ఓ 3591. చూడటానికి అది చాలా సాదాసీదా వస్తువు: ఎత్తు 155 మిల్లీమీటర్లు, పొట్ట దగ్గర వెడల్పు 65, మూతి దగ్గర 46. మొత్తం పట్టేది సుమారు 215 మిల్లీలీటర్లు. అందులో పోయవలసింది 50 మాత్రమే. పైన మిగిలేది 165. మన పీల్పు కొలతకు దగ్గరగా ఉండటం గమనించండి. ఎరుపు, తెలుపు, తియ్యటిది, వగరుది, అన్నిటికీ ఆ ఒక్క గ్లాసే. వైన్‌ల మంచిచెడ్డలు తేల్చవలసిన నిపుణులకు ఒకే ఆకారం చాలినప్పుడు, శనివారం రాత్రి నలుగురు స్నేహితులకు నాలుగు ఆకారాలు కావాలనడం ఎలా?

గ్లాసు తిప్పి ఆపాక లోపలి గోడ మీద వైన్ బొట్లు బొట్లుగా జారడం కనిపిస్తుంది. అది చిక్కటి, మేలైన వైన్‌కు గుర్తని చాలామంది చెబుతారు. నిజానికి జరిగేది వేరు. గోడ మీద పల్చటి పొరలోంచి ఆల్కహాలు ముందుగా ఆవిరైపోతుంది. నీళ్ల పాలు పెరిగిన ఆ పొరకు తలతన్యత పెరిగి, కింది నుంచి ఇంకాస్త వైన్‌ను పైకి లాగుతుంది. పోగైన బరువు మోయలేక బొట్టుగా కారుతుంది. 1855లో జేమ్స్ థామ్సన్ దీన్ని వివరించాడు, పదేళ్లకు ఇటలీలో కార్లో మరంగోనీ లోతుగా పరిశీలించాడు. బొట్లు ఎక్కువైతే ఆల్కహాలు ఎక్కువని చెప్పవచ్చు, అంతే. సీసా మీద ఆ శాతం అచ్చు వేసే ఉంటుంది.

గ్లాసు కంపెనీల తరఫున మాట్లాడేవాళ్ల దగ్గర నాలుక కథ కన్నా గట్టి సాక్ష్యం ఒకటి ఉంది. టోక్యో మెడికల్ అండ్ డెంటల్ యూనివర్సిటీలో కోజి మిత్సుబయాషి బృందం 2015లో ఆల్కహాల్ ఆవిరిని ఫొటో తీసే పరికరం ఒకటి తయారు చేసింది. ఆల్కహాలు తగిలితే వెలుగునిచ్చే ఎంజైములను ఒక జాలీకి పట్టించి గ్లాసు మూతి మీద పరిచారు. ఆవిరి ఎక్కడ చిక్కగా ఉందో అక్కడ జాలీ వెలిగింది. వైన్ గ్లాసులో, 13 డిగ్రీల దగ్గర, అంచు చుట్టూ వలయంలా వెలుగు, నడుమ చీకటి కనిపించాయి. అంటే ముక్కు నడుమ పెడితే ఆల్కహాలు ఘాటు తక్కువగా, మిగతా వాసనలు తేటగా తెలియడానికి వీలుంది. నిలువు గోడల గ్లాసులోనూ మార్టిని గ్లాసులోనూ ఆ వలయం రాలేదు. ఇది చక్కటి ప్రయోగం, నా వాదనకు వ్యతిరేకం కూడా కాదు. పొట్ట ఉండి మూతి ముడిచిన గ్లాసుకూ, లేని గ్లాసుకూ తేడా ఉందనే అది చూపింది. కాబర్నేకు ఒక వలయం, పినోకు ఇంకో వలయం అని ఎక్కడా చూపలేదు. అది కొలిచింది ఆల్కహాలును, సువాసన అణువులను కాదు. మరో సంగతి కూడా ఆ వ్యాసంలోనే ఉంది, దాన్ని దుకాణంలో ఎవరూ చెప్పరు: వైన్‌ను 25 డిగ్రీలకు వెచ్చబరిస్తే అదే గ్లాసులో వలయం మాయమైంది. ఆకారం చేసే మేలును ఉష్ణోగ్రత చెరిపేసింది.

"పక్కపక్కన పెట్టి తాగి చూడండి, తేడా మీకే తెలుస్తుంది" అన్నది తర్వాతి అభ్యంతరం. ఇలాంటి ప్రదర్శనలు వైనరీల్లో జరుగుతూనే ఉంటాయి, తేడా తెలిసిందని జనం నిజాయితీగానే చెబుతారు. చిక్కు ఏమిటంటే, తాగేవాడికి ఏ గ్లాసు చేతిలో ఉందో కనిపిస్తూనే ఉంటుంది, పక్కన నిలబడ్డవాడు ఏ గ్లాసు గొప్పదో ముందే చెప్పి ఉంటాడు. వైన్ విషయంలో కన్ను ముక్కును ఎంత సులువుగా బోల్తా కొట్టిస్తుందో 2001లో అచ్చయిన బోర్డో పరిశోధన ఒకటి చూపింది. మోరో, బ్రోషే, దుబూర్‌దియే అనే ముగ్గురు, వైన్ శాస్త్రం చదువుతున్న 54 మంది విద్యార్థులకు తెల్ల వైన్‌లో వాసనలేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, వాళ్లు దాన్ని రెడ్ వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. మరి గ్లాసు కనిపించకుండా చేస్తే? 2002లో జెనీన్ డెల్విష్, మార్సియా పెల్షా అమెరికాలో ఆ పనే చేశారు. కళ్లకు గంతలు కట్టి, గ్లాసును చేత్తో ముట్టుకోనివ్వకుండా, వేర్వేరు ఆకారాల గ్లాసుల్లోని ఒకే కాబర్నే సోవిన్యోన్‌ను వాసన చూడమన్నారు. తేడాలు పూర్తిగా మాయం కాలేదు గానీ బాగా సన్నగిల్లాయి. పైగా కాబర్నే కోసమే పుట్టిందనే బోర్డో గ్లాసుకు వాసన తీవ్రతలో ఎక్కువ మార్కులేమీ రాలేదు, తక్కువే వచ్చాయి. గ్లాసు ఆకారం అసలు పట్టదని దీన్నుంచి నేను అనడం లేదు. చూస్తూ తాగినప్పుడు కొండంతగా తోచిన తేడా, చూడకుండా వాసన చూసినప్పుడు గోరంతైంది. మధ్యలో పోయినదంతా కన్ను చేర్చిన భాగం.

దీనికి తెలివైన పాఠకుడు ఇచ్చే జవాబు నాకు తెలుసు. కన్ను చేర్చితే మాత్రం ఏం, ఆనందం ఆనందమే కదా? ఈ జవాబులో బలం ఉంది. 2008లో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో హిల్కే ప్లాస్‌మన్ బృందం ఒకే వైన్‌ను ఒకసారి 10 డాలర్లదని, ఒకసారి 90 డాలర్లదని చెప్పి ఇచ్చి, తాగేవాళ్ల మెదడును స్కాన్ చేసింది. ఖరీదైనదని చెప్పినప్పుడు, హాయిని లెక్కగట్టే మెదడు భాగం నిజంగానే ఎక్కువ చురుగ్గా పనిచేసింది. వాళ్లు గొప్పకు చెప్పలేదు, వాళ్లకు నిజంగానే బాగుంది. పల్చటి గాజు, పొడవాటి కాడ, తెల్లటి బల్లగుడ్డ మీద ఎర్రటి నీడ, ఇవి ఇచ్చే ఆనందాన్ని కాదనే అధికారం ఏ రసాయన శాస్త్రానికీ లేదు. మా ఇంట పెళ్లిరోజుకు అందమైన గ్లాసు కావాలి అని కొనుక్కుంటే అది పట్టుచీర కొన్నంత సబబైన ఖర్చు. పేచీ వేరే చోట ఉంది. పట్టుచీర అమ్మేవాడు అది కట్టుకుంటే వంట రుచి మారుతుందని చెప్పడు. అందాన్ని అందంగా అమ్మితే కొనుక్కోవచ్చు. శాస్త్రంగా అమ్మినప్పుడు రుజువు అడగాలి. ఐస్‌వైన్ గ్లాసునూ నేను ఈ కొలబద్దతోనే చూస్తాను. చిన్నగా పోసుకుని చల్లగా తాగే తియ్యటి వైన్‌కు పొందికైన పాత్ర అది. అది లేకపోతే ఐస్‌వైన్ చెడిందనడానికి మాత్రం ఆధారం లేదు.

గ్లాసు మీద పెట్టే శ్రద్ధలో నాలుగో వంతు ఉష్ణోగ్రత మీద పెడితే కెనడా ఇళ్లలో రెడ్ వైన్ చాలా మెరుగవుతుంది. రెడ్ వైన్‌ను గది వేడి మీద తాగాలన్న మాట, రాతి గోడల యూరప్ ఇళ్లలో హీటర్లు లేని రోజుల్లో పుట్టింది. ఆ గదులు పదహారు, పదిహేడు డిగ్రీలు దాటేవి కావు. ఎడ్మంటన్‌లో బయట మైనస్ 25 ఉన్నా లోపల ఫర్నేసు పుణ్యమా అని 21, 22 ఉంటుంది. వంట జరుగుతున్న ఇంట్లో ఇంకాస్త ఎక్కువ. 15 డిగ్రీల నుంచి 25కు వెళ్తే ఆల్కహాలు ఆవిరి పీడనం దాదాపు 80 శాతం పెరుగుతుంది. ముక్కుకు మొదట తగిలేది పండు వాసన కాదు, స్పిరిట్ ఘాటు. మరీ ఫ్రిజ్ చలిలో తాగినా తప్పే. వాసన లేవదు, వగరు మాత్రం నాలుకను పట్టేస్తుంది. మెర్లో, కాబర్నే లాంటి బరువైన వాటికి 16 నుంచి 18 డిగ్రీలు, పినో నువార్, గామే లాంటి తేలిక వాటికి 13 నుంచి 15 బాగుంటాయి. గదిలో ఉన్న సీసాను అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే బరువైన వైన్ సుమారుగా అక్కడికి వస్తుంది, తేలిక వాటికి ఇంకాస్త సేపు పడుతుంది. దీనికి డబ్బు ఖర్చు లేదు కాబట్టి దీని గురించి ప్రకటనలూ లేవు.

కెనడా రెడ్ వైన్‌ల విషయంలో ఇంకొక చిక్కుంది. మంచి గ్లాసు వాసనను నిలుపుతుంది అన్నాం. ఏ వాసననైనా సరే. ఒకప్పుడు నయాగరాలో పండించినవి ఎక్కువగా కాంకర్డ్ లాంటి అమెరికా జాతులు. వాటిలోని మిథైల్ ఆంత్రనిలేట్ వల్ల వైన్‌కు చూయింగ్ గమ్ వాసన వచ్చేది. 1988లో అమెరికాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కుదిరాక, బయటి వైన్‌తో పోటీకి ఇవి నిలవవని ప్రభుత్వమే డబ్బిచ్చి ఆ తీగలను పీకించింది. నాణ్యతకు హామీగా వీక్యూఏ ముద్ర మొదలైందీ ఆ ఏడే. వాటి చోట యూరప్ జాతులు, ముఖ్యంగా చలికి ఓర్చుకునే కాబర్నే ఫ్రాంక్ వచ్చాయి. వేసవి చిన్నదైన ఏడు ఈ ద్రాక్ష పూర్తిగా పండదు. అప్పుడు మెథాక్సీపైరజిన్ అనే అణువు మిగిలిపోయి వైన్‌లో పచ్చి క్యాప్సికం వాసన వేస్తుంది. క్యాప్సికంలో ఉన్నదీ ఇదే అణువు. 2001 పంటకు ఇంకో ఉపద్రవం వచ్చింది. ఆసియా నుంచి వచ్చిన అక్షింతల పురుగులు ద్రాక్ష గుత్తుల్లో దూరి, కాయలతో పాటు నలిగాయి. అవి ఆత్మరక్షణకు విడిచే ద్రవంలోనూ ఈ మెథాక్సీపైరజిన్లే ఉన్నాయి. సెయింట్ కాథరిన్స్‌లోని బ్రాక్ విశ్వవిద్యాలయంలో 1996 నుంచి చలిప్రాంతపు వైన్‌ల మీద పనిచేస్తున్న సంస్థ ఒకటుంది. ఆ విశ్వవిద్యాలయానికి చెందిన గేరీ పికరింగ్ ఈ దోషాన్ని శ్రద్ధగా శోధించాడు. ఇలాంటి వైన్‌ను పెద్ద గ్లాసులో పోస్తే దోషమే ముందు పలకరిస్తుంది, చిన్న గ్లాసు కాస్త దాచిపెడుతుంది. అంటే గ్లాసుకు పక్షపాతం లేదు.

దేశానికి ఆ చివర, బ్రిటిష్ కొలంబియాలోని ఓకనాగన్ లోయలో గ్లాసు అసలు అందుకోలేని దోషం ఉంది. 2003లో, 2021లో, మళ్లీ 2023లో ఆ లోయ చుట్టూ కార్చిచ్చులు చెలరేగాయి. పొగలోని గ్వయకోల్ లాంటి అణువులు ద్రాక్ష కాయలోకి ఇంకి, అక్కడ చక్కెరతో ముడిపడిపోతాయి. ముడిపడ్డవి ఆవిరి కావు, కాబట్టి గ్లాసులో ముక్కు ఎంతసేపు పెట్టినా వాసన అంతగా రాదు. గుటక నోట్లోకి వెళ్లాక లాలాజలం ఆ ముడి విప్పుతుంది. మింగిన తర్వాత బూడిద రుచి తేలుతుంది. ఏ ఆకారపు గ్లాసూ దీన్ని ముందుగా చెప్పలేదు, ఆపలేదు. ఆ తర్వాత 2024 జనవరిలో వచ్చిన చలిగాలి ఓకనాగన్ తీగల మొగ్గలను దాదాపు మొత్తంగా చంపేసి, ఆ ఏటి పంటను తుడిచిపెట్టింది. బతికి బట్టకట్టడానికి అక్కడి వైనరీలు బయటి నుంచి ద్రాక్ష తెప్పించుకున్నాయి. ఒక సీసాలో ఏముందన్నది ఇలా వేసవీ పొగా మంచూ నిర్ణయిస్తాయి. గ్లాసు వంతు చిట్టచివర వస్తుంది, అదీ చిన్నదే.

ఇంతా చదివాక ఏం కొనాలో చెప్పకపోతే పాఠకుడు ఊరుకోడు. 400 నుంచి 450 మిల్లీలీటర్లు పట్టేది, నడుము దగ్గర వెడల్పై మూతి దగ్గర ముడుచుకునేది, రంగూ చెక్కుడు పనీ లేనిది, ఆరు తీసుకోండి. కాడ ఉంటే చేతి వేడి వైన్‌కు తగలదు. అంచు లావుగా ఉండలు చుట్టినట్టు కాక కోసినట్టు పల్చగా ఉంటే పెదవికి అడ్డు తగలదు. ఇది రుచి కాదు, సుఖం, అయినా కొంత విలువైనదే. సీసం కలిపిన పాతకాలపు క్రిస్టల్ వద్దు. గ్లాసులో అరగంట ఉంచి తాగితే పెద్ద ముప్పు లేకపోయినా, అలాంటి పాత్రల్లో వైన్‌ను నిల్వ ఉంచితే సీసం అందులోకి దిగుతుంది. సీసం లేని మంచి గాజు ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతుంది. కడిగాక సబ్బు వాసన, అలమారా చెక్క వాసన పోయిందో లేదో ఖాళీ గ్లాసును ఒకసారి వాసన చూడండి. నానోగ్రాముల్లో ఉన్న మిరియాన్ని వెతికేవాడికి ఇది అన్నిటికన్నా ముఖ్యం. మిగిలిన డబ్బుతో ఇంకాస్త మంచి సీసా కొనుక్కోవచ్చు.

అయితే పెద్ద గ్లాసు ముక్కుకు చేసే మేలు కంటికి చేసే మోసంతో కలిసే వస్తుంది. కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2017లో 411 ఇంగ్లండ్ వైన్ గ్లాసుల కొలతలు సేకరించారు. 1700 ప్రాంతంలో సగటున 66 మిల్లీలీటర్లు పట్టిన గ్లాసు, 2017 నాటికి 449 పట్టేదాకా పెరిగింది. కెనడాలో ఒక ప్రామాణిక డ్రింక్ అంటే 12 శాతం వైన్ 142 మిల్లీలీటర్లు. అందులో శుద్ధ ఆల్కహాలు 13.45 గ్రాములు. అది 450 గ్లాసులో మూడో వంతు కూడా ఎక్కదు, అడుగున ఏదో ఉన్నట్టు ఉంటుంది. ముక్కుకు సరైన కొలతా అదే కావడం మన అదృష్టం. కానీ అతిథి ముందు అలా పోయడానికి మనవాళ్లకు చేతులు రావు, సగం దాకా పోస్తారు. 13.5 శాతం ఉన్న ఓకనాగన్ మెర్లో 225 మిల్లీలీటర్లలో ఆల్కహాలు 24 గ్రాములు, అంటే దాదాపు ఒకటీ ముప్పావు డ్రింకులు. 2023 జనవరిలో కెనడా మాదకద్రవ్య వినియోగ అధ్యయన కేంద్రం ఇచ్చిన సూచన ప్రకారం ముప్పు తక్కువగా ఉండే హద్దు వారానికి రెండు డ్రింకులు. మూడు మొదలుకొని క్యాన్సర్ ముప్పు, ఏడు మొదలుకొని గుండెజబ్బు, పక్షవాతం ముప్పు పెరుగుతాయి. సగం నింపిన ఒక్క గ్లాసుతో ఆ వారం కోటా దాదాపు అయిపోయినట్టే.